పసుపు అంచు కార్డు

ఆత్మకూరు,
ఆగస్టు 3.

శ్రీ సైమన్ గారికి,

జోయల్ రాయునది. బామ్మర్దికి ‘గారు’ ఏంటని నవ్వుకోకు. ఇది నవ్వే సంగతి కాదు. ఫోన్ చేయొచ్చు. చేస్తే నువ్వొకటంటావు, నేను రెండంటాను, తెల్లారేసరికి ‘నేనట్లా అన్లేదే’ అంటావు. అందుకే కాగితం. జవాబు కూడా కాగితం మీదే పెట్టు, కింద సంతకంతో.

నిన్న ఫేస్‌బుక్‌లో, పాత బేస్‌బాల్ కార్డులు కొని అమ్మేవాళ్ల గుంపులో ఒక ఫోటో చూశాను. డేల్ హార్విక్ కార్డు. పసుపు అంచు, నీలం సిరా సంతకం, మన దానికి లాగే పై మూల మడత. అమ్మేవాడిది కావలి. అసలు మన దేశంలో బేస్‌బాల్ కార్డులు దాచుకునే పిచ్చోళ్లే పట్టుమని పదిమంది ఉండరు. అందులోనూ సంతకమున్న హార్విక్ కార్డు, అదీ కావలిలో! నువ్వేమో ఉదయగిరి–కావలి బస్సు కండక్టరువి. ఒకప్పుడు నెల్లూరు బస్సులో వచ్చేవాడివి. అది మా అంగడి ముందే ఆగేది. దిగకుండా మొహం అటు తిప్పుకునేవాడివి. రూటు మార్పించుకుని ఆ బాధ కూడా తప్పించుకున్నావు. ఇప్పుడు నన్ను ఏమనుకోమంటావో నువ్వే చెప్పు.

మర్చిపోయావేమో, గుర్తుచేస్తాను. తొంభై ఆరులో, మనిద్దరం అవ్వ దగ్గరుండి చదువుకునేటప్పుడు, ఉదయగిరి చర్చికి రంగులేయడానికి వచ్చిన అమెరికా వాళ్లలో పొడుగాయన, రాబర్ట్ గారు, మనిద్దరికీ కార్డుల ప్యాకెట్లు ఇచ్చాడు. వాళ్ల ఊరికి పోయాక కూడా ఏటా క్రిస్మస్‌కి కవరులో నాలుగైదు పంపేవాడు. వాటిలో కొన్నింటి మీద ఆటగాళ్లు స్వయంగా పెట్టిన సంతకాలుండేవి. ఆట ఏంటో మనకు తెలియదు. మొహానికి జాలీ కట్టుకుని గొంతుక్కూర్చున్నవాడిని వెల్డింగ్ పనోడనుకున్నాం. అయినా వాటికోసం చొక్కాలు చిరిగేలా కొట్టుకున్నాం. చివరికి అవ్వే తీర్పు చెప్పింది, ఇద్దరివీ ఒకే ఆల్బంలో ఉండాలని. పెళ్లి ఫోటోల ఆల్బంలో అంటించి ఆమె ట్రంకుపెట్టెలో దాచాం. అన్నిటికీ తెల్ల అంచు, హార్విక్ ఒక్కడికే పసుపు. ఆ సంతకం దొరకడం కష్టమని రాబర్ట్ గారు మరీ మరీ రాశాడు కూడా.

తొంభై తొమ్మిదిలో అవ్వ పోయింది. సమాధి చేసి వచ్చిన సాయంత్రం అమ్మ పెట్టె తెరిస్తే ఆల్బంలో హార్విక్ పేజీ ఖాళీ. మీ నాయన వరప్రసాదం మామ చేతికి చూస్తే కొత్త వాచీ. అమ్మ నలుగురిలో అడిగింది. ‘నేను తీయలేదక్కా’ అని లేచిపోయినవాడు మళ్లీ మా గడప తొక్కలేదు. పోయినేడు మామ పోతే అమ్మ రాలేదు, నేనూ రాలేదు. అది వేరే సంగతి.

మామ ఆ రోజే అమ్మేశాడా, నీకిచ్చి దాచమన్నాడా, ఇప్పుడు నువ్వు అమ్ముతున్నావా? ఏదో ఒకటి రాయి. నాకు నిజం కావాలి. కార్డు కూడా కావాలి, అబద్ధమెందుకు. హార్విక్ ఆడిన జట్టులో అందరి సంతకాలూ సంపాదించాను, ఆయనొక్కడే లేడు.

ఇట్లు,
జోయల్

*

ఉదయగిరి,
ఆగస్టు 9.

జోయల్ బావకు,

వందనాలు పెట్టడం లేదు. ఎందుకో నీకు తెలుసు.

మా నాయన పోయి ఏడాదైంది. ఎట్లా ఉన్నావురా అని ఒక్క ముక్క రాయనోడివి, కార్డు కోసం రెండు పేజీలు నింపినావు. సంతోషం.

నువ్వు రాసినవాటిలో ఏదీ కాదు. కావలివాడెవడో నాకు తెలియదు. కింద సంతకం పెడుతున్నాను, భూతద్దం పెట్టి చూసుకో.

ఇప్పుడు నా అనుమానం విను. పేజీ ఖాళీగా ఉందని మొదట చూసింది ఎవరు? మీ అమ్మ. పెట్టెలోంచి ఆల్బం తీసింది ఎవరు? మీ అమ్మ. చంకన పెట్టుకుని ఆత్మకూరు బస్సెక్కింది ఎవరు? ఆమే. మరి ఆమె చేతికొచ్చాక ఆ పేజీ ఖాళీ కాలేదని నాకేంది నమ్మకం? కావలి పేరు పెట్టుకుని ఆ ఫోటో గుంపులో పెట్టింది నువ్వు కాదని నాకేంది రుజువు? దొంగే దొంగా దొంగా అని అరిచిన కథలు మా బస్సులో రోజూ చూస్తుంటాను.

వాచీ మాట కూడా చెప్తాను. అది అవ్వ కొనిపెట్టింది. ‘మీ అక్కకు తెలిస్తే రాద్ధాంతం చేస్తాది, చెప్పబాక ప్రసాదూ’ అనిందంట. అమ్మను మట్టి చేసి వచ్చిన పూటే అమ్మ మాట తప్పలేక నోరు మూసుకున్నాడు మా నాయన. ఆ మూసుకున్న నోరే ఆయనకు ఉరైంది. నమ్మితే నమ్ము, లేకపోతే మానుకో.

ఒక పని చెప్తున్నాను, చెయ్యి. సమాధికి తీసకపోయే పొద్దు శవపెట్టె మూసేముందు అవ్వ చుట్టూ అందరం నిలబడితే స్టూడియో కోటేశ్వర్ ఫోటో తీసినాడు. గొడవైందని మాకు కాపీ రాలేదు. మీ ఇంట్లో ఉండాలి. నీది జిరాక్స్, ఫోటో ఫ్రేముల అంగడే కదా, ఒక కాపీ తీసి పంపు.

సైమన్

*

ఆత్మకూరు,
ఆగస్టు 17.

సైమన్,

మా అమ్మను దొంగంటావా? డెబ్బై ఐదేళ్ల మనిషి. ఆ మాట ఆమెకు చదివి వినిపించలేదు. వినిపిస్తే ఏమవుతుందో నీకు తెలుసు.

అవ్వ వాచీ కొనిపెట్టిందట! పోయినవాళ్ల మీద పెట్టి ఏమైనా చెప్పొచ్చు, లేచొచ్చి కాదనరు కదా.

నేనూ ఊరికే కూర్చోలేదు. ఆ కావలివాడి పేరు భరత్, సెల్‌ఫోన్ కవర్లు అమ్ముకుంటాడు. కార్డు ఎవరిచ్చారని అడిగితే అది తన వ్యాపారం అన్నాడు. ‘ఉదయగిరి డిపో కండక్టరు ఎవరైనా నీకు తెలుసా’ అని పెట్టాను. దానికి ఒక నవ్వు బొమ్మ పంపాడు. మాట లేదు, ఒట్టి నవ్వు బొమ్మ. ఆ బొమ్మకి అర్థమేంటి సైమన్? తెలియనివాడైతే తెలియదంటాడు. నవ్వెందుకు?

కావలి రూటులో తిరిగేవాడివి, నిజంగా చేతులు శుభ్రంగా ఉంటే నువ్వే పోయి వాడిని అడిగి రాయొచ్చు. రాయలేవని నా అనుమానం.

జోయల్

*

ఉదయగిరి,
సెప్టెంబరు 2.

జోయల్ బావకు,

పోయినాను. బస్సు కావలిలో అరగంట ఆగుద్ది. టీ తాగే టైములో యూనిఫారంతోనే భరత్ అంగడికి పోయినాను. నన్ను చూసి బిత్తరపోయినాడు. చిల్లర మర్చిపోయి దిగినానా అన్నాడు పాపం.

కార్డు సంగతి అడిగితే ఏమీ దాచలేదు. విదేశాల నుంచి కట్టలకు కట్టలు పాత కార్డులు తెప్పించి విడివిడిగా అమ్ముతాడంట. ఆ కట్ట వచ్చిన పార్సిలు కవరు కూడా చూపించినాడు, అమెరికా స్టాంపులతో. మరి ఆ నవ్వు బొమ్మేందయ్యా అన్నాను. ‘ఎవరో సార్, కార్డు గురించి మాట్లాడతా మాట్లాడతా కండక్టరు తెలుసా అన్నాడు. తిక్కలోడనుకుని నవ్వినా’ అన్నాడు. నీ అర్థం దొరికిందా?

ఇంకో ముక్క కూడా చెప్పినాడు. ‘ఆ కార్డు అమ్ముడుపోయింది సార్. ఆత్మకూరు బస్టాండు ముందు జిరాక్స్ అంగడాయనకి పదిహేనో తేదీనే కొరియర్ చేసినా.’

పదిహేనున వాడు పంపినాడు. పదిహేడున నువ్వు నాకు ఉత్తరం రాసినావు, కొన్న మాట దాచిపెట్టి. కార్డు నీ చేతికొచ్చి రెండు వారాలైంది. అది మన కార్డే అయితే ఈపాటికి నువ్వు మా డిపో ముందు టముకు వేయించేవాడివి. నోరు మెదపలేదంటే మనది కాదని తేలింది. తేలినా నాకు రాయలేదు. నా మీద అనుమానం అట్లాగే నానబెట్టుకున్నావు, ఊరగాయ మాదిరి.

ఫోటో మాట కూడా మింగేసినావు. ఎందుకు?

సైమన్

*

ఆత్మకూరు,
సెప్టెంబరు 10.

బామ్మర్దీ,

దొరికిపోయాను. ఏం చెప్పను!

కార్డు వచ్చింది. అంచు అదే, మనిషి అతనే, సంతకం కూడా అతనిదే. మన కార్డు మాత్రం కాదు. మన దాని మీద సంతకం కింద బుల్లి అక్షరాలతో ‘కీర్తన 121’ అని ఇంగ్లీషులో రాసుండేది, గుర్తుందా? హార్విక్ భక్తిపరుడు, కొన్ని కార్డుల మీద అట్లా రాసేవాడట. అవ్వ కళ్లద్దాలు తుడుచుకుని ఆ అంకె చూసి, ‘బంతి కొట్టుకునేవోడైనా దేవుడి మనిషేరా ఈడు’ అనేది. మన కార్డులన్నిటిలో ఆమెకు నచ్చింది అతనొక్కడే. బైబిల్లో ఆ కీర్తన రోజూ పొద్దున పైకి చదివేది కదా, మన నిద్ర చెడగొడుతూ.

ఈ కార్డు మీద ఆ అంకె లేదు. చూడగానే నీకు రాయాల్సింది. కలం పట్టుకున్నాను, చెయ్యి రాలేదు. రాస్తే నువ్వు గెలిచినట్టవుతుందని.

అట్లాగని నా అనుమానం మొత్తం పోయిందనుకోకు. ఇది కాదంటే అది ఇంకెక్కడో ఉన్నట్టే కదా? రెక్కలొచ్చి ఎగిరిపోదు కదా? పెట్టె తాళంచెవి ఎప్పుడూ అవ్వ కొంగునే ఉండేది. ఆమె మంచాన పడ్డాక దగ్గరున్నది మామ ఒక్కడే. మనిద్దరం హాస్టల్లో ఉన్నాం, అమ్మ ఇక్కడుంది. నువ్వే నా స్థానంలో ఉంటే ఏమనుకునేవాడివి?

ఫోటో అమ్మ గదిలో గోడకుంది. ఫ్రేము పాతది, అద్దం బిగుసుకుపోయింది. తీస్తే పగులుతుంది. తర్వాత చూద్దాం.

జోయల్

*

ఉదయగిరి,
సెప్టెంబరు 20.

బావా,

ఫ్రేములు కట్టి బతికేవాడివి. నీకు అద్దం బిగుసుకుపోయిందా?

ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. నువ్వే చెప్పిస్తున్నావు. నాయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు నన్ను అడిగినవి రెండే. కాస్త మజ్జిగ, ఆ ఫోటో. ‘మా అమ్మ చేతిలో బైబిలు పెట్టింది నేనేరా. అప్పుడే తీసినారు. ఒక్కసారి చూపించు, మా అమ్మా నేనూ కలిసుండే ఫోటో ఇంకోటి లేదు’ అన్నాడు. నేను ఫోన్ చేస్తే మీరు ఎత్తరని పాస్టరు గారి చేత చేయించినాను. ‘అట్టాంటి ఫోటో మా ఇంట్లో లేదు’ అనిందంట మీ అమ్మ. అదే మాట పోయి చెప్పినాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

లేని ఫోటోకు అద్దం ఎట్లా బిగుసుకుపోద్ది బావా?

నువ్వు కార్డు కోసం నన్ను అనుమానించినావు. నాకు ఇప్పుడు నీ మీద అంతకంటే పెద్ద అనుమానం. ఆ ఫోటోలో మీకు గిట్టనిది ఏదో ఉండాది. అదేందో చెప్పు. చెప్పకపోతే ఇదే నా ఆఖరి ఉత్తరం. మా నాయన దొంగ పేరుతోనే పోయినాడు, నేను దొంగ కొడుకుగానే ఉంటాను. నీ ఆల్బం నువ్వు పెట్టుకుని పూజ చేసుకో.

సైమన్

*

ఆత్మకూరు,
అక్టోబరు 5.

సైమన్,

ఇది కూర్చుని చదువు.

ఆ ఫోటోలో మామ లేడు. ఈ ఇంట్లో ఉండే నాకు ఆ సంగతి మొదటినుంచీ తెలుసు. గొడవైన నెలలోనే అమ్మ ఆ ఫోటోను మామ ఉన్న వైపు వెనక్కి మడిపించి ఫ్రేము కట్టించింది. అవ్వ మొహం, భుజాలు, తలవైపు నిలబడిన మేమంతా కనిపిస్తాం. అవ్వ చేతుల నుంచి అవతలంతా మడతలోకి పోయింది. అందుకే నీకు పంపలేకపోయాను. ఏ మొహం పెట్టుకుని పంపేది? అద్దం మీద నెపం వేశాను.

నీ ఉత్తరం చదివాక అమ్మ చర్చికి పోయిన పూట చూసి దించాను. వెనక మేకులు పీకి మడత విప్పాను. మామ ఉన్నాడు సైమన్. నీలం గళ్ల చొక్కా, చేతికి ఆ వాచీ. పెట్టె మీదికి వంగి రెండు చేతులతో అవ్వ చేతుల్లో బైబిలు పెడుతున్నాడు. మన వాళ్లలో ఎవరు పోయినా వాళ్ల బైబిలు వాళ్ల చేతిలోనే పెట్టి పెట్టె మూస్తాం కదా, అట్లా.

ఆ బైబిలు నడిమధ్యలోంచి ఒక అట్టముక్క పైకి పొడుచుకొచ్చి ఉంది, చదివే చోట గుర్తు పెట్టుకున్నట్టు. పసుపు అంచు.

అంగడికి పరిగెత్తి స్కానరు మీద పెట్టి పెద్దది చేశాను. నీలం టోపీ, సగం నుదురు. పై మూల మడత. సంతకం లోపలుంది, కనపడదు. బైబిలు సరిగ్గా మధ్యకు తెరిస్తే ఏముంటాయో నీకు నేను చెప్పాలా? కీర్తనలు.

అవ్వే తీసుకుందిరా. మనం హాస్టల్లో ఉంటే, ఎవరిని అడగాలి, ఆమె పెట్టే కదా. తనకు నచ్చిన దేవుడి మనిషిని తన కీర్తన దగ్గర పెట్టుకుంది. మామ తెలియకుండా తన చేతులతోనే దాన్ని ఆమెతో పంపాడు. ఆయన దొంగ కాదని చెప్పే సాక్ష్యాన్ని మేమే వెనక్కి మడిచి గోడకు కొట్టుకున్నాం. నేను దాని కిందే కూర్చుని ఏళ్ల తరబడి అన్నం తిన్నాను, మామను తిట్టుకుంటూ.

అమ్మ వచ్చాక చూపించాను. చాలాసేపు చూసింది. నేను వేలు పెట్టి చూపించింది కార్డు. ఆమె చూసింది మాత్రం మామ మొహం. రాత్రి అన్నం ముట్టలేదు. ఇవాళ నేను ఇది రాస్తుంటే వచ్చి ‘ఆ కాగితం ఇట్లా ఇయ్యి’ అంది. ఇక్కణ్ణుంచి ఆమె చేతిరాత.

సైమనూ, అత్తను రాస్తా ఉండాను. చెయ్యి వణకతా ఉండాది, కూడబలుక్కొని చదువుకో. నీ పాస్టరుతో లేదని చెప్పింది నేనే. ఉండాదంటే మడత చూపించాల్సి వస్తాదని. వాడు అడిగింది పోయేముందని నాకు తెలవదు నాయనా. తెలిసినా ఇచ్చేదాన్నో లేదో, అప్పటికి నా గుండె రాయి. నలుగురిలో అన్నాను, నలుగురిలోనే చెప్పుకుంటా. నవంబరు రెండున సమాధులకి సున్నం కొట్టను అందురూ వస్తారు గదా, ఆ పొద్దు వస్తా. జోయల్ రాడు. అనింది నేను, వాడెందుకు. రావద్దని మాత్రం రాయబాకరా.

*

ఉదయగిరి,
నవంబరు 4.

జోయల్ బావకు వందనాలు.

రావద్దని రాద్దామనే కూర్చున్నాను ఆ రోజు. రాయలేకపోయినాను, అంతే.

అత్త మొదటి బస్సుకే వచ్చింది. సున్నం బక్కెట్లు, కొవ్వొత్తులు, పూలు పట్టుకుని సంఘమంతా ఉన్నారు. నేరుగా పోయి అవ్వ సమాధికీ నాయన సమాధికీ మధ్యలో నిలబడింది. సంచిలోంచి ఫోటో తీసింది, విప్పి. నడుమ మడత తెల్లటి గీతగా పడి ఉంది. గొంతెత్తి అరిచినట్టే చెప్పింది. ‘అందురూ ఇనండి. మా అమ్మ పోయిన పొద్దు నా తమ్ముణ్ణి దొంగన్నాను. మీరూ నమ్మినారు. వాడు దొంగ కాదు. మా అమ్మే తీసకపోయింది. తప్పు మాట నాది.’

ఫోటో చేతులు మారింది. సంఘపెద్ద వెంగయ్య కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, ‘సరిగ్గా ఆనడంలేదమ్మా. ఏదో పసుప్పచ్చ ముక్క. పెట్టె దాకా తవ్వి చూస్తే తేలిపోద్ది గదా’ అన్నాడు.

నిజం చెప్తున్నాను బావా, నా మనసులోనూ ఆ పురుగు దొలుస్తానే ఉంది. గడ్డి చెక్కే పార అందుకుని అవునన్నాను. ఆ అంకె కళ్లతో చూస్తే ఇంక ఎవడూ నోరెత్తడు కదా అన్నాను.

అత్త నా వైపు తిరిగింది. ‘ఒకసారి అనుమానపడి తమ్ముణ్ణి పోగొట్టుకున్న్యా. మళ్లా అనుమానపడి మా అమ్మను లేపమంటావంట్రా?’ అనింది.

పార కింద పెట్టేసినాను.

నాయన సమాధి రాయి మీద పేరు కింద ఖాళీ ఉంది, చూడలేదు నువ్వు. బైబిలు వాక్యం రాయించలేదు. ‘ఆ దొంగనే మాట పోయినాక రాయించు, అందాకా వద్దు’ అన్నాడు పోయేముందు. అత్త ఆ ఖాళీ చూసి ఎందుకని అడిగింది. చెప్పినాను. అక్షరాలకు రంగు దిద్దేవాడి చేతిలోంచి కుంచె గుంజుకుని, కూలబడి, తనే రాసింది. కీర్తన 121. వణికే చెయ్యి కదా, ఒక ఒకటి నిటారుగా, ఇంకోటి పక్కకు వాలిపోయింది. దిద్దుతానని ఆ అబ్బాయి వచ్చినాడు. వద్దన్నాను. అప్పుడేడ్చింది. మా నాయన పేరు మీద చెయ్యి పెట్టుకుని, ‘లేరా ప్రసాదూ, అక్కనొచ్చినా’ అని. నేను కూడా ఏడ్చినాను.

అత్త చేత నువ్వు పంపిన హార్విక్ కార్డు తిప్పి పంపుతున్నాను. ఆల్బంలో ఆ పేజీలో అంటించబాక. దాన్నట్లాగే ఖాళీగా ఉండనీ. ఫోటో మాత్రం నేనే ఉంచుకున్నాను, మా ఇంట్లో గోడకు పెట్టినాను, మడత గీతతోనే.

నెల్లూరు రూటుకు మార్చమని డిపోలో అడిగినాను. సోమవారం నుంచి మన బస్సే. మీ అంగడి ముందు ఆగుద్ది, ఈసారి దిగుతాను. టీ చెప్పి ఉంచు.

సైమన్